గాల్లో బిగించిన షాకబ్జర్లు

నిన్న నల్గొండలో మా బాపు అంబాసిడర్‌కు వెనక కొత్త షాకబ్జర్లు వేయించాను. కొత్త రబ్బరు వాసన తగలగానే మోత్కూర్‌లో మా వాకిలి కళ్లముందుకొచ్చింది. అంతలోనే మెకానిక్ బండి ఇంకా జాకీ మీద ఉండగానే నట్లు బిగించేశాడు! నాకు ఒళ్లు మండింది.

"బండి కిందికి దించి, మంది కూసున్నంక బిగియ్యాలె. లేకుంటే రబ్బర్లు మెలిపడి చినుగుతయ్," అన్నాను.

"గవన్నీ పాత ముచ్చట్లు కాకా," అని నవ్వాడు.

పాత ముచ్చట్లంట! పాతదంటే తప్పేనా? మా వాడకట్టు దోస్తులారా, మీకు గుర్తుందా? బాపు కిరాయిల కోసం వెనక సీటు పీకి ఎదురెదురుగా ఇనుప బల్లలు వేయించాడు. షాకబ్జర్లు మార్చినప్పుడల్లా మనందరినీ పిలిచి ఆ బల్లల మీద కూర్చోబెట్టేవాడు. మన బరువుకు బండి కుంగాకే కింద దూరి నట్లు బిగించేవాడు. ఎండకు కాలిన బల్లలు తొడలకు చుర్రుమనేవి. నేను కావాలని ఎగిరితే కింది నుంచి కేక వచ్చేది: "ఎవడ్రా ఎగిరేది? మావోడేనా?" ఆ షాకబ్జర్లు ఏళ్లకేళ్లు నడిచేవి.

నిన్న నట్లన్నీ వదులు చేయించి, బండిని జాకీ మీది నుంచి దింపించాను. ఆ మెకానిక్‌ను, పక్కన చాయ్ తాగుతున్న నలుగురినీ ఎండకు కాలుతున్న ఆ పాత బల్లల మీదే కూర్చోబెట్టి, పానా పట్టుకుని నేనే కింద దూరాను.

"అయిందా కాకా? జర దిగనియ్యే," అన్నాడు మెకానిక్ చెమటలు కక్కుతూ.

ఎప్పుడో అయిపోయింది. అయినా "రబ్బర్లు కుదురుకునేదాంక కదలకు," అని కిందే చల్లగా పడుకున్నాను.