ఫిర్యాదుల పెట్టె వెనకాల రంగు

రిటైర్మెంటుకు ముందు ఏడాది నేను శ్రీకాకుళం వైపు రైల్వేలో వర్క్స్ ఇంజినీరుగా ఉన్నాను. రైళ్లతో మాకు పని లేదు. స్టేషన్ గోడలు, కప్పులు, కుళాయిలు మా కిందకి వస్తాయి. ఆ వేసవిలో, రైలు బొమ్మల మీద నాకున్న పిచ్చి తెలిసి, ఒక పని అంటగట్టారు. కోటబొమ్మాళి అవతల ఒక చిన్న స్టేషన్ పాత భవనాన్ని కూల్చబోతున్నారు. దాని నమూనా చేసి కొత్త భవనంలో అద్దాల పెట్టెలో ఉంచాలి. ఉద్యోగంలో చేరాక నా మొదటి పని ఆ భవనం కప్పు మరమ్మతే. కూల్చాక మిగిలేది ఈ బొమ్మ ఒక్కటే కాబట్టి, రంగుతో సహా అచ్చం అలాగే ఉండాలని పట్టుబట్టాను. ఆ పట్టుదలే నా ప్రాణం తీసింది.

ముందు కిట్టు గొడవ. కిట్టు అంటే విడివిడి ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ గోడలూ కిటికీలూ, మనమే అతికించుకోవాలి. ఆఫీసువాళ్లు నన్నొక మాట అడగకుండా ఏదో చలిదేశపు స్టేషన్ కిట్టు తెప్పించారు. నిటారు కప్పు, దాని మీద పొగగొట్టం! మన ఎండలకి చలిమంట గొట్టం ఎందుకో వాళ్లకే తెలియాలి. గొట్టం కోసేసి, కప్పు వాలు తగ్గించి, పెంకులు అతికించేసరికి నా నడుము విరిగింది.

రంగు ఇంకా పెద్ద తలనొప్పి. నాకు లేత పసుపు గుర్తు. స్టేషన్ మాస్టర్ అప్పలనాయుడు మాత్రం మొదటినుంచీ గులాబీయేనన్నాడు. పాత రంగు తెలియాలంటే గోడని పొరలు పొరలుగా గీకి చూడటమే పద్ధతి. ప్లాట్‌ఫారం వైపు కొన్ని చోట్ల గీకించాను. పైన క్రీము, దాని కింద గులాబీ, అట్టడుగున సున్నంలో కలిపిన పసుపు. అంత చిన్న బొమ్మకి అసలు రంగే వేస్తే ముదురుగా కనబడుతుంది, కాస్త తెలుపు కలపాలి. గోడ పక్కనే పోల్చుకుంటూ కలుపుదామని, తర్వాతి వారం డబ్బాలు పట్టుకుని వెళ్లాను.

గోడ కొత్త క్రీము రంగుతో తళతళలాడుతోంది. గీకిన చోటు ఒక్కటీ లేదు.

"ఇదేటయ్యా నాయుడూ?" అని అరిచాను.

"పెద్దసారు ఇన్‌స్పెక్షనుకి వస్తన్నారు కదండీ. మీరు గోడంతా గీకీసి ఎల్లిపోనారు, మచ్చలు మచ్చలుగా ఉన్నాది. నాలుగు గోడలూ తీగ బ్రష్షుతో పాత రంగు ఊడీదాకా తోమించీసి రంగేయించీసినాను."

"కూల్చే బిల్డింగుకి రంగేటయ్యా!"

"కూల్చడం తరవాత కదండీ. ఇన్‌స్పెక్షన్ ముందు."

పెద్ద అధికారి వస్తున్నాడంటే, రేపు ఆ గోడ ఉంటుందా ఊడుతుందా అని మా శాఖలో ఎవరూ చూడరు.

తల పట్టుకుని తిరుగుతుంటే ఫిర్యాదుల పెట్టె కంటబడింది. దాన్ని ఎవరూ తెరిచిన పాపాన పోలేదు. గోడ నుంచి తీసిందీ లేదు, చుట్టూ రంగు వేసుకుంటూ పోయారు. మేకులు పీకించాను. వెనకాల పెట్టె మేర లేత పసుపు, నిన్న వేసినట్టుంది! నాయుడు నోరు తెరిచాడు. అక్కడే కూర్చుని రంగు కలిపాను.

ఇన్‌స్పెక్షన్ రోజు పెద్దసారు పసుపు బొమ్మని చూశారు, క్రీము గోడని చూశారు, రెండింటికీ పొంతన లేదేమని అడిగారు. అసలు రంగు ఇదేనని చెప్పబోయాను. భవనం ఎలా ఉందో బొమ్మా అలాగే ఉండాలని, క్రీము వేయమని ఆర్డరు వేసి వెళ్లిపోయారు. ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం కదా, వేశాను. మూడు గోడలకే వేశాను.

నాయుడు అది గమనించాడు. అద్దాల పెట్టెని కొత్త హాలు గోడకి ఆనించి పెట్టించాడు. "ఎనక్కి ఎవులు సూస్తారండీ," అన్నాడు.

ఆ నెల్లోనే పాత భవనాన్ని కూల్చేశారు. మా శాఖలో ఏదైనా చెడకుండా ఉండాలంటే, ఎవరూ చెయ్యి పెట్టని చోట పెట్టాలి. ముప్పైయేళ్లకు పైగా ఉద్యోగం చేసి నేను నేర్చుకున్నది అదే. బొమ్మ నాలుగో గోడ ఇప్పటికీ పసుపుగానే ఉంది.