బోర్లించని సేరు

“నువ్వు రాసిన కంప్యూటరు లెక్క నడస్తాండాదా లేదా, అది చెప్పు.”

“నడస్తాండాది అవ్వా. కానీ వార్నింగు చూపిస్తాండాది.”

“నడిచే గొడ్డుకు మందెందుకు మే?”

“కొలిచేముందు నువ్వు సేరును బోర్లించి తడతావు కదా. ఇదీ అంతే. మొత్తం కూడేదాంట్లో మొదట సున్నా పెట్టల్ల. నేను పెట్టలే. పాతదేమన్నా దాంట్లో ఉంటే అదీ కలుస్తాది.”

“లెక్క సరిగ్గా వచ్చిందంటివే.”

“ఆ పామిడి మిషన్లో వచ్చింది. ఇంకో మిషన్లో ఏమొస్తాదో. ఒక్కసారి పామిడి పోయి సరిచేసుకొస్తా.”

“రేపెట్లా అనంతపురం పోయేదే. రెండు పొద్దులు బస్సెక్కితే ఈ శెనక్కాయలు ఎవరు వలిచేది? నీ కంపైలరే చూసి వదిలిపెట్టె. నీకెందుకు?”

అది నా మనవరాలు. ఏడాదిగా పామిడి సెంటర్లో కంప్యూటరు నేర్చుకుంటోంది. నేను మూడో తరగతి దాకా చదివాను. కంపైలరు సంగతి అదే చెప్పింది. రాసినదాన్ని ముందు ఆ కంపైలరు చదువుతుందట. బ్రాకెట్టు తెరిచి మూయకపోయినా, ముందుగా చెప్పని పేరు వాడినా, ఏ వరుసలో తప్పో చూపించి ఆపేస్తుంది. అనుమానమైతే మాత్రం వార్నింగని ఒక మాట చెప్పి వదిలేస్తుంది. చెప్పి వదిలేసింది తప్పెట్లా అవుతుందని నేననుకున్నాను.

మనవరాలు రాసింది నెల వాన కూడే లెక్క. మరునాడు అనంతపురం సెంటరు వాళ్లు ఫ్లాపీ తీసుకుని తమ మిషన్లో నడిపిస్తారు. ఇచ్చాక తాకనివ్వరు. సరిగ్గా వస్తే కొత్త పిల్లలకు నేర్పే పనిలో పెట్టుకుంటారు. లేకుంటే నాతోపాటు కాయలు వలవడమే.

అది పామిడి పోలేదు. చాట ముందేసుకుని కూర్చుంది. పొద్దు వాలాక విత్తనాలు కొలవబోతూ, అలవాటుగా సేరును బోర్లించి తట్టాను. ముడుచుకుపోయిన గింజ ఒకటి కింద పడింది. మనవరాలు ఆ గింజ వైపు చూసింది. నేను కొలిచాను.

మరునాడు తెల్లారి బస్సులో నేనూ వెంట పోయాను. అక్కడి సారు ఫ్లాపీ పెట్టాడు. ఒక్క చినుకూ పడని నెల ఇచ్చి, రోజుకొక సున్నా కొట్టాడు. మొత్తం వేలల్లో వచ్చింది.

“ఏమ్మా, మీ ఊర్లో సముద్రముందా?” అన్నాడు.

“మొదట సున్నా పెట్టలేదు సార్,” అంది మనవరాలు.

“మిషను చెప్పలేదా?”

“చెప్పింది సార్.”

ఆయన ఫ్లాపీ తీసి దాని చేతికిచ్చి, తర్వాతి పిల్లను పిలిచాడు. పది గంటల బస్సుకు ఇంటికొచ్చి, ఇద్దరం కాయల దగ్గర కూర్చున్నాం.