పద్నాలుగో నంబరు తీగ

మొన్న మూలకుళంలోని మా ఆఫీసులో పాత టెలిఫోన్ బోర్డును పాత సామాన్లవాడికి ఇచ్చేస్తుంటే, దాని అడుగున అంటించిన అట్టముక్క ఒకటి ఊడిపడింది. అక్షరాలు తమిళానివి, మాట తెలుగుది. నాకు తమిళం చదవడం రాకపోయుంటే బాగుండేది.

ఒకప్పుడు ఆ బోర్డు ముందు ఆపరేటరుగా ఇరవై ఏళ్లు కూర్చున్నావిడను అందరం అక్కా అనేవాళ్లం. వాళ్లది ముదలియార్‌పేటలో తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే, రాయడం మాత్రం తమిళంలో. ఎవరు ఫోన్లో మాట్లాడుతున్నా కాసేపటికి లైనెత్తి, వినబడుతోందా సార్ అని అడిగి పెట్టేసేది. అది మర్యాదనుకునేది. భర్త మంచంలో ఉన్నాడు, ఆమె జీతంతోనే ఇల్లు గడవాలి. యానాం నుంచి కొత్తగా వచ్చి హోటలు సాంబారుతో విసిగిపోయిన నేను ప్రతి ఆదివారం ఆ ఇంట్లోనే చేపల పులుసు తినేవాణ్ణి కాబట్టి, ఈ సంగతి నాకు అందరికన్నా బాగా తెలుసు.

మద్రాసు ఆఫీసుకు రోజూ పొద్దున ఫోన్ లైను మీద కంప్యూటరు నుంచి ఆర్డర్లు పంపడానికి మోడెం వచ్చింది. నా బోర్డు మీంచి వద్దు, దానికి వేరే లైను వేయించు అంది అక్క. ఇంజనీరునైన నాకు ఆపరేటరు పాఠాలా! బోర్డులోంచి పద్నాలుగో నంబరు తీగ లాగి తగిలించాను. ఫాక్సు కూడా ఎరగని ఆఫీసు మాది. మోడెం కీచుమంటుంటే రిసీవరు ఆమె చెవికి ఆనించి, మద్రాసు పెద్దసారు అన్నాను. ఆమె లేచి నిలబడి, "నిదానంగా చెప్పండి సార్, ఏందో అర్థం కాలేదు" అంది. ఆఫీసంతా పడీ పడీ నవ్వింది. గట్టిగా నవ్వినవాణ్ణి నేనే.

కానీ లైను మధ్యలో తెగిపోయేది. నాదింకా ఖాయం కాని ఉద్యోగం. మేనేజరు కారణం అడిగితే, అక్క మధ్యలో లైనెత్తుతోందన్నాను. నువ్వు చూశావా అని ఆయన అడగలేదు, చూడలేదని నేనూ చెప్పలేదు. ఆమె అలవాటు తెలిసినవాళ్లే అందరూ. పిలిపించి నిలదీస్తే ఆమె నా వైపు తిరిగింది.

"నేను దాని జోలికే పోలేదు తమ్ముడా. సారుతో ఒక్క మాట చెప్పు."

నేను కంప్యూటరు తెర చూస్తూ కూర్చున్నాను. ఆ నెలాఖరుకు ఆమెను పంపించేశారు.

ఆమె వెళ్లాక కూడా లైను తెగింది. అదృష్టం, ఆ వారం మేనేజరు ఊళ్లో లేడు. బోర్డు పుస్తకం తిరగేస్తే తేలింది: ఆ నంబరుకు ఇంకో ఫోన్ వచ్చినప్పుడల్లా బోర్డే బీప్ కొట్టేది, దాంతో మోడెం తెగేది. ఒక్క సెట్టింగు మార్చాను, అంతే. తిరిగొచ్చిన మేనేజరు, పీడ పోయింది చూశావా అని నా భుజం తట్టాడు. అవును సార్ అన్నాను. ఉద్యోగం ఖాయమైంది. పులుసు మానేశాను.

అట్టముక్క మీద ఇలా ఉంది: "పద్నాలుగు తమ్ముడి మిషను. పొద్దున ఎత్తగూడదు. పాపం, వాని ఉద్యోగం పోతాది."

బోర్డు ఆటోలో వెళ్లిపోయింది. అట్ట నా జేబులోనే ఉంది. సిగ్గుగా ఉంది, అది ఎవరికి చెప్పుకోను? మూలకుళం నుంచి ముదలియార్‌పేటకు బస్సులో అరగంట. ఆ అరగంట నాకు పాతికేళ్లుగా దొరకలేదు.