రెండో పొరలో అత్తగారు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. కడ్డీ వదిన నోరు అంత మంచిదేం కాదు. అయినా ఆమె చేతి మీదుగా లేచిన వంతెనలన్నీ ఇప్పటికీ నిటారుగానే ఉన్నాయి.

రాష్ట్ర రహదారి పనుల్లో ఆమె ఉద్యోగం చెప్పుకోవడానికి చిన్నదే. లారీ రాగానే తోపుడు బండిలో కాస్త కాంక్రీటు పట్టుకొచ్చి, మోకాలెత్తు కూడా లేని గుండ్రటి అచ్చులో మూడు పొరలుగా నింపాలి. పొర పడగానే కడ్డీతో ఇరవై అయిదు పోట్లు పొడవాలి. తక్కువైతే లోపల గాలి మిగిలిపోతుంది. ఎక్కువైనా తప్పే. అలా తయారైన దిమ్మ గట్టిపడ్డాక ల్యాబులో దాన్ని నొక్కి విరగ్గొట్టి, ఆ కాంక్రీటు ఎంత బరువు మోస్తుందో తేలుస్తారు. దిమ్మ సరిగ్గా లేకపోతే ఆ లెక్కని ఎవరూ నమ్మరు.

లోకమంతా ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టుకుంటుంది. వదినకి పన్నెండు దాటితే మనసు ఎటో పోతుంది. ఎవరో పిలుస్తారు, ఫోను మోగుతుంది, ఇంట్లో పొయ్యి కట్టేశానా లేదా అని అనుమానం పుడుతుంది. తిట్లతో ఆ చిక్కు లేదు. మొదలుపెట్టిన తిట్లదండకాన్ని మధ్యలో ఆపడం మానవమాత్రుల వల్ల కాదు. అందుకని కొలువులో చేరిన కొత్తలోనే ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పోటుకో తిట్టు, పొరకో మనిషి. అడుగు పొర మొగుడిది, మధ్య పొర అత్తగారిది, పై పొర ఆడపడుచుది.

"తడి తువ్వాలు మంచమ్మీద పడేసేవాడా, చెప్పులు గుమ్మానికి అడ్డంగా విప్పేవాడా, పిలిస్తే పలకనివాడా, పిలవనప్పుడు పలికేవాడా..."

ఆ మొగుడు కాంక్రీటు లారీ డ్రైవరు. తన పొర అయ్యేదాకా కిటికీలోంచి తల బయటపెట్టి శ్రద్ధగా వినేవాడు. ఎప్పుడైనా తేడా వస్తే అక్కడి నుంచే అరిచేవాడు.

"గురక ఎగ్గొట్టావే! ఇరవై నాలుగే అయినట్టున్నాయి!"

"ఇంకా అక్కడిదాకా రాలేదు, నోర్మూసుకో!"

ఈ సంగతి అత్తగారి దాకా ఆడపడుచే మోసింది. ఇక కొంపలంటుకుంటాయని ఆమె సర్దుకుని మరీ కూర్చుంది. ముసలావిడ మాత్రం కోడల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఏదీ, నా పొర ఒకసారి అప్పజెప్పు" అంది.

వదిన తలొంచుకుని అప్పజెప్పింది. రెండు తక్కువ వచ్చాయి. ఆ రెండు పోట్లకీ పాతవే తిరగేస్తున్నానని ఒప్పుకుంది.

"సిగ్గులేకపోతే సరి! ఇన్నేళ్లు నాతో వేగి రెండు తక్కువా? 'తలుపు సందుల్లో చెవులు పెట్టేదానా' ఏమైంది? 'కొడుకు తినే ముద్దలు లెక్కపెట్టేదానా' అనవేం? నేను లెక్కపెట్టట్లేదూ?"

"పెడతారనుకోండి అత్తయ్యా."

"మరి చేర్చు."

అలా ఆ పొర నిండింది. అప్పటినుంచి సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టేసరికి ముసలావిడ అడిగే మాట ఒకటే. "ఇవాళ నన్నెన్నిసార్లు ఏకావే?"

"ఆరు అచ్చులత్తయ్యా."

"అంతేనా? అయితే పని మందగించిందన్నమాట. మీ ఇంజనీరు ఏం చేస్తున్నాడు, గాడిదలు కాస్తున్నాడా?"

ఆ ముసలావిడ పోయి రెండు నెలలైంది. ఆ రెండు నెలలూ వానలు. పని చోట మట్టి తవ్వడం, బురద తోడడం తప్ప కాంక్రీటు ఊసే లేదు. వదినకి కడ్డీ ముట్టుకునే పని పడలేదు.

ఇంతలో కార్డు గొడవ వచ్చిపడింది. అప్పుడు కడుతున్న వంతెన ఖర్చులో పెద్ద వాటా కేంద్రానిది. డబ్బిచ్చేవాడికి షరతులెక్కువ. వాళ్ల తలగడంత లావు నిబంధనల పుస్తకంలో ఒకటేమిటంటే, కాంక్రీటుని పరీక్షించే మనిషి దగ్గర చెల్లుబాటయ్యే కార్డుండాలి. కార్డు లేని చెయ్యి తాకిన కాంక్రీటు రాయిలా గట్టిపడ్డా సరే, కేంద్రం దమ్మిడీ విదల్చదు. కార్డు గడువు తీరుతుంటే వాళ్ల పరీక్షాధికారి ముందు మళ్లీ పొడిచి చూపించాలి. వదిన కార్డు గడువు సరిగ్గా ఆ పరీక్ష రోజుతో ఆఖరు. మర్నాడు పొద్దున్నే వంతెన మీద కాంక్రీటు పోయాలి.

కుర్ర ఇంజనీరు పొద్దుటినుంచి మూడుసార్లు హెల్మెట్ తీసి పెట్టుకున్నాడు. "వదినగారూ, మీరు పరీక్ష తప్పితే కార్డున్న మనిషిని ఇంకెక్కడినుంచో పిలిపించాలి. ఈలోగా వానొస్తే నా పని గోవిందా."

"నేను తప్పితే నా పనేమిటో అడగవేం?"

అతను అడగలేదు. అందరికీ తెలుసు. పరీక్ష తప్పినవాళ్లని గోదాములో పడేస్తారు. గోదాములో హెల్మెట్లుంటాయి, చేతి తొడుగులుంటాయి, రోజంతా తిరిగే ఫ్యానుంటుంది. లారీ ఉండదు, కడ్డీ ఉండదు, గొంతెత్తి తిట్టడానికి ఒక గౌరవప్రదమైన కారణం ఉండదు. ఆ గోదాము తలుపు ముందునుంచి వెళ్లాల్సి వస్తే వదిన చుట్టూ తిరిగి వెళ్లేది.

పరీక్షాధికారి వచ్చాడు. ఇస్త్రీ మడతలు చెక్కుచెదరని మనిషి. పోటు పోటుకీ టిక్కుమని నొక్కే చిన్న లెక్కయంత్రం ఆయన చేతిలో ఉంది. కూలీలు ఆయన కారు దిగిన పావుగంటలోనే టిక్కు సారని పేరు పెట్టేశారు.

"మొదలుపెట్టండి. ఎవరూ సాయం చేయకూడదు. ఒకసారి తప్పితే ఇవాళే ఇంకొక్క అవకాశం ఇస్తాను. అంతే."

పరీక్ష కోసం మొగుడి లారీ తెచ్చిన కాంక్రీటుతో వదిన అడుగు పొర వేసింది. మొగుడి తిట్లు గడగడా దొర్లాయి. టిక్కు సారు కనుబొమ్మలు లేచాయి గానీ వేలు తడబడలేదు. ఇరవై అయిదు. అచ్చు పక్కల సుత్తితో తట్టింది. రెండో పొర వేసి కడ్డీ ఎత్తింది.

"తలుపు సందుల్లో..."

నోరు ఆగిపోయింది. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ పొడుస్తూనే ఉంది. కాసేపటికి చెయ్యి కూడా ఆగింది, ఎందుకాగిందో ఆమెకే తెలీదు.

"ఇరవై రెండు," అన్నాడు టిక్కు సారు. "అచ్చు కడుక్కోండి. కాసేపట్లో మళ్లీ చూస్తాను."

ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. "ఒకటీ రెండూ అని లెక్కపెట్టొచ్చు కదా వదినగారూ!"

"పెట్టి చూపించమంటావా? పన్నెండు దగ్గర నీ పెళ్లి సంగతి గుర్తొస్తుంది, పదిహేనుకి నిన్ను ఎవరు చేసుకుంటారా అని బెంగ పడతాను. వెళ్లు నాయనా."

అతను వెళ్లిపోయాడు. మొగుడు లారీ వెనక గొట్టంతో నీళ్లు కొడుతూ కాంక్రీటు గీకుతున్నాడు. ఆమె అచ్చు తెచ్చి ఆ నీళ్ల కింద పెట్టింది.

"నా పొరే రెండుసార్లు వేసుకో," అన్నాడు.

"నీకంత సరుకు లేదు."

"పోనీ మా అక్కని..."

"ఆవిడని పైనుంచి కిందికి దింపితే ఊరుకుంటుందా? సాయంత్రానికల్లా ఫోను చేస్తుంది."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అచ్చు అడుగున అంటుకున్న మడ్డిని గోటితో గీకుతూ, "నోరు రావట్లేదయ్యా," అంది. "సాయంత్రం ఇంటికెళ్తే ఎన్నిసార్లు ఏకావే అని అడిగే మనిషి లేదు. తిరిగి అనేవాళ్లు లేనిదాన్ని తిట్టనెలా అంటాం?"

అతను నీళ్లు కట్టేశాడు. గొట్టం చుట్టడం మొదలుపెట్టాడు.

"తిరిగి అనకుండా ఊరుకున్న మనిషా?" అన్నాడు. "అమ్మ నిన్ను తక్కువ తిట్టిందా?"

వదిన అతని వంక చూసింది. అచ్చు తుడుచుకుని వెళ్లిపోయింది.

రెండోసారి అడుగు పొర సాఫీగా అయింది. మధ్య పొర వేసి, కడ్డీ సరిచేసుకుని, ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తెరిచేసరికి గొంతు మారిపోయింది. కాస్త బొంగురు, చివర్లో దీర్ఘం. డ్రైవరు చేతిలోని గొట్టం జారి కిందపడింది.

"నత్తకి నడక నేర్పేదానాఆ, గిన్నె మీద మూత పెట్టనిదానాఆ, సిమెంటు మొహందానాఆ, వంటింట్లో కూడా హెల్మెట్ పెట్టుకు తిరిగేదానాఆ, నా కొడుక్కి మాటలు నేర్పి నాకు మాట్లాడే వంతు లేకుండా చేసినదానాఆ, జ్వరమొస్తే మంచం ఎక్కమంటే లారీ ఎక్కేదానాఆ, నా కాళ్లు పట్టమంటే కబుర్లు చెప్పి నిద్రపుచ్చేదానాఆ..."

కూలీలు పారలు ఆపి పగలబడి నవ్వారు. ఇంజనీరు హెల్మెట్ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. టిక్కు సారు వేలు పోటు పోటుకీ కదులుతూనే ఉంది. ఇరవై అయిదో పోటుతో కడ్డీ దాని చోట అది ఆగింది.

మూడో పొర ఆడపడుచుది. అందులో ఏ మార్పూ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

పై అంచు సమంగా గీసి, మూత పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేసరికి టిక్కు సారు సంతకం పెడుతున్నాడు. పెట్టి, కలం మూత బిగించి, ఆమెని తేరిపార చూశాడు.

"ఆ మధ్య పొరలో మాట్లాడిందెవరు?"

"మా అత్తగారండీ."

"ఎవరి సాయమూ తీసుకోకూడదని ముందే చెప్పాను. పైగా పరీక్షలో వేలు పెట్టేవాళ్లకి కార్డుండాలి. ఆవిడకి ఉందా?"

"ఉండేదండీ. రెండు నెలల కిందటే గడువు తీరిపోయింది."

ఆయనకి నిబంధనల్లో దీనికి తగ్గది ఏదీ గుర్తురాలేదో ఏమో, కార్డు ఆమె చేతిలో పెట్టి కారెక్కాడు. మడతలు అప్పటికీ చెక్కుచెదరలేదు.

డ్రైవరు దగ్గరికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సిమెంటు దుమ్మన్నాడు, అడక్కుండానే.

"అన్నీ అమ్మ అన్నవేనా?"

"రెండు తక్కువైతే నేను కలిపాను."

"ఏ రెండు?"

"ఇంటికెళ్లాక చెప్తా. ముందు ఆ లారీ కడుగు. వినడానికి చెవులప్పగించి నిలబడ్డావ్, లోపలంతా గట్టిపడిపోతోంది."