‘ప్రేమాభిమానాలతో’ అన్న మాట తీసెయ్యమన్న రజియా

జర దగ్గరికొచ్చి కూసోండ్రి, ఫ్యాను గాలి ఈ మూలకే తగుల్తది. నేను చెప్పేది రెండేండ్ల కింది ముచ్చట. ఎండాకాలం, హనుమకొండల, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుంగ రేకుల షెడ్డు కింద నా బల్ల కాడ జరిగింది. నేను దస్తావేజులు రాస్త. చదివింది ఏడో తరగతి. మా ఆయన రాస్తుంటె పక్కన కూసోని నేర్సుకున్న. ఆయన పోయినంక ఆ కుర్సీల నేనే కూసున్న. ఎవరి జాగకు తూర్పున ఎవరి ఇల్లున్నదో ఎన్నేండ్లయినా నా నోటికుంటది.

మా కాడికి వచ్చేటోళ్ళు చానమంది, “అక్కా, కాయిదంల ఆయన పేరు కొట్టెయ్” అంటరు. కొట్టేసుడు అనేది మా పనిల లేదు. రిజిస్ట్రీ అయిన కాయిదం మీద మల్ల కలం పెట్టే హక్కు ఎవ్వలికీ లేదు. ఆ పేరున్న మనిషే వచ్చి, నా వాటా నేను వదులుకుంటాన అని కొత్త కాయిదం రాసియ్యాలె. దాన్ని రిలీజ్ డీడ్ అంటరు. ఇద్దరు సాక్షులుండాలె. ఇచ్చేటోళ్ళవీ తీసుకునేటోళ్ళవీ ఫోటోలు, వేలిముద్రలు పడాలె. రానంటె ఇగ కోర్టే.

రజియా వరంగల్ల జాకెట్లు కుడుతది. నర్సంపేట రోడ్డు మీద నూటిరవై గజాల జాగ ఆమె పేరు, మొగడు ఖాజా పేరు కలిపి ఉన్నది. ఖులా తీసుకొని, అంటే తనే అడిగి విడిపోయి, నాలుగేండ్లయింది. ఖాజా వేరే పెండ్లి చేసుకున్నడు గని, జాగల పేరు అట్లనే ఉన్నది. ఆయన సంతకం లేంది ఇంటి లోను ఇయ్యం అన్నరు బ్యాంకోళ్ళు. ఆమె, బిడ్డ, రెండు మిషన్లు ఒక్క కిరాయి రూముల. ఇయ్యాల వస్త, రేపు వస్త అని మూడేండ్లు తిప్పిండు. ఆఖరికి ఖాజాను కన్నతల్లే చెవిలిల్లు కట్టుకొని పోరితె వచ్చిండు. పన్నెండు గంటలకు స్లాట్, అంటే ఆఫీసుల మాకిచ్చిన టైము. అది దాటితె ఖాజా మల్ల దొరుకుతడన్న ఆశ ఎవ్వలికీ లేదు.

ఒక సాక్షి ఖాజా వాళ్ళమ్మ. రెండో సాక్షి పక్క జిరాక్సు దుకాణపాయన. సంతకాల ముందు కాయిదమంత గట్టిగ సదివి వినిపించుడు నా అలవాటు. “మన ఉమ్మడి సంపాదనతో కొన్న సదరు స్థలంలో నా సగం వాటాను, మీ యందు గల ప్రేమాభిమానాలతో…” అని సదువుతాన.

“ఆగక్కా,” అన్నది రజియా. “ఎవలకు ప్రేమ?”

నేను నవ్విన. అది ఫార్మాట్ బిడ్డా, కంప్యూటర్ల ముందుగాలనే ఉండే మాట, అన్నదమ్ములు రాసుకున్నా అదే ఉంటది అని చెప్పిన. ఆమె నవ్వలె.

“ప్రేమ తీసెయ్. ఉమ్మడి సంపాదన గూడ తీసెయ్. నేను మిషన్ తొక్కి కొన్న అని రాయి.”

ఖాజా కుర్సీ ఎనుకకు జరిపిండు. “సూసినవా అక్కా, ఊకనే రాసిస్తాంటె గూడ లొల్లే.”

“నాది నాకిచ్చుడు ఊకనే ఇచ్చుడా?”

“అట్ల రాస్తె రేపు మా బామ్మర్ది సదివి నవ్వడా? నా ఇజ్జత్ ఏం గావాలె?”

“ప్రేమతోటి ఇచ్చినవని సదివితె నీ పెండ్లాం ఏమంటదో, అది గూడ జర సోంచాయించు.”

జిరాక్సాయన మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నడు. ఖాజా లేసి చాయ్ దుకాణం దిక్కు పోయిండు. అప్పటికి పదకొండుంబావు.

నిజం చెప్పాలె, నేను రజియానే బతిమిలాడిన. పేరు పోతె సాలు, మాట పట్టుకొని కూసుంటె ఇల్లు లేవది అన్న. ఆమె సంచిలకెల్లి పాత దస్తావేజు తీసి నా ముందు పెట్టింది.

“ఇది గూడ నువ్వే రాసినవక్కా. ఆనాడు ఎవల కష్టం అని అడగలె. పెనిమిటి పేరేంది అని అడిగి పక్కన ఎక్కించినవ్. అప్పుడు నోరు మూసుకున్న, ఇయ్యాల మూసుకోను. ఇల్లు లేవకపోతె మాయె. రేపు నా బిడ్డ సదివేది ఈ కాయిదమే.”

కింద ఉన్నది నా సంతకమే. నాకు యాదికొచ్చింది. ఆ దినం ఆమె బొటనవేలు నిండ సూది పోట్లు. ముద్ర సక్కగ పడక రెండుసార్లు వేయించిన. ఆ వేలును నా చేత్తోని పట్టుకొని గూడ, జాగ ఎవలు కొన్నరని అడగలె.

కంప్యూటర్ ముందు కూసోని, ఒక్కో అక్షరం ఎతుక్కుంట నేనే కొట్టిన: “సదరు స్థలం రజియా తన కుట్టుపని సంపాదనతో కొన్నది. ఇందులో నా సొమ్ము లేదు. నా పేరు మాత్రమే ఉన్నది.”

ఖాజా వచ్చి సదివి, సంతకం పెట్టను పో అన్నడు. సాక్షిగ వచ్చిన వాళ్ళమ్మ నోరిప్పింది.

“మొగోని పేరు లేకుంటె ఎట్ల అని ఆనాడు పట్టువట్టింది నేనే బిడ్డా. కోడలు నా మాట కాదనలె. పెట్టిచ్చింది నేను, తీపిచ్చేది గూడ నేనే. సంతకం పెట్టు.”

“అమ్మీ, నువ్వు ఎవల దిక్కు సాక్షివి?”

“కండ్లతోటి సూసినదానికి సాక్షిని. ఆమె మిషన్ తొక్కంగ సూసిన, నువ్వు పండంగ సూసిన.”

ఖాజా కుర్సీ మల్ల బల్ల దగ్గరికి గుంజుకున్నడు. కలం అడిగిండు. పన్నెండుకు అయిదు నిమిషాలు ఉన్నదనంగ లోపలికి పోయినం, పని అయింది. బయటికొచ్చి ఆయన ఎవ్వలికి చెప్పకుంట ఆటో ఎక్కిండు. రజియా కాయిదం మల్లొకసారి నాతోటి సదివిచ్చుకొని, సంచిల పెట్టుకొని, బ్యాంకు దిక్కు నడిసింది.

ఆ సాయంత్రమే ఫార్మాట్లకెల్లి ఆ మాట తీసేసిన. ప్రేమ ఉన్నోళ్ళు అడిగి రాయించుకుంటరు. ఇప్పుడు జాగ రాయించుకోను ఆలుమొగలు వస్తె, ముందుగాల ఆడామెనే అడుగుతాన, ఇందుల నీ కష్టమెంత అని. కొందరు మొగోళ్ళు మొకం మాడ్చుకొని పక్క బల్లకు పోతరు. పోనియ్యి. తప్పుడు మాట రాసి బేరం నిలుపుకునే అక్కర నాకు లేదు. రాసే చెయ్యి అడగకపోతె, కష్టపడ్డ చెయ్యి కాయిదంల ఎక్కడా కనవడది. అది నాకు రజియా నేర్పింది.

ఇంతసేపు ఓపికతోటి ఇన్నరు. మీ పొయ్యి ఆరకుండ, మీ ఇంటి ఆడబిడ్డల కష్టం వాళ్ళ పేరు మీదనే నిలిసి, పిల్లపాపలతోటి మీ గడప సల్లగుండాలె.