బీముకు రెండో మనిషి

2019 జూన్‌లో సూరత్‌లోని ఉధ్నాలో, మంచం పట్టిన వృద్ధుల కోసం నడిపే ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఇన్‌చార్జిగా చేరాను. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు ఆసుపత్రి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా ఏమీ కాదు. పైన డాక్టరు, కింద నర్సులు, ఆయాలు. ఎవరు ఏ షిఫ్టుకు రావాలో నిర్ణయించి, డ్యూటీ రిజిస్టరులో సంతకం పెట్టేది మాత్రం ఇన్‌చార్జే.

మా దగ్గర ఇరవై రెండు మంచాలు. ఎనిమిది మంది తమంతట తాము ఒత్తిగిల్లలేరు. అలాంటివారిని రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పాలి. లేకపోతే ఎముక ఆనే చోట చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. తిప్పడానికి ఇద్దరు కావాలి. మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి, కింది దుప్పటితో సహా మనిషిని లేపి తిప్పుతారు. ఒక్కరే ఉంటే లేపడం కుదరదు, ఈడ్వాల్సి వస్తుంది. ఈడిస్తే చర్మం లోపల్లోపలే దెబ్బతింటుంది. తిప్పిన ప్రతిసారీ మంచానికి వేలాడే చార్టులో టిక్కు పెట్టాలి.

2021 ఏప్రిల్‌లో, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, పగటి షిఫ్టులో ఏడుగురు ఉండాల్సిన చోట ఇద్దరం మిగిలాం. నేను, మల్లవ్వ అనే ఆయా. తక్కినవాళ్లలో కొందరికి జ్వరం, కొందరికి భయం. డాక్టరు కూడా జ్వరంతో ఇంట్లో ఉండి ఫోన్లోనే మందులు చెప్పేవాడు. బయట రోడ్డు మీద అంబులెన్సు మోత ఆగేది కాదు. రోజుకు నాలుగుసార్లు థర్మామీటరు చంకలో పెట్టుకునేవాణ్ణి.

అప్పుడు కిటికీ పక్క మంచం మీద రాజేశం ఉండేవాడు. తెలంగాణ నుంచి వచ్చి, నలభై ఏళ్లు ఇక్కడి మరమగ్గాల మీద పనిచేసి, పక్షవాతంతో పడిపోయిన మనిషి. మల్లవ్వదీ మగ్గాల కుటుంబమే. ఆమె ఒక్కతే దుప్పటి పట్టుకుంటే ఆయన ఎగతాళి చేసేవాడు.

"ఏందే మల్లవ్వా, బీమును ఒక్కదానివే ఎత్తుతవా? నూలంత తెగుతది."

"నువ్వు జర బరువు తగ్గు కాకా, ఉధ్నా టేషన్ దాక ఎత్తుకపోత."

బీము అంటే పడుగు నూలు చుట్టిన బరువైన రోలు. దాన్ని మగ్గానికి ఎక్కించాలంటే ఇద్దరు పట్టాలి.

మంచం దగ్గర ఆ రెండో మనిషి నేనే కావాలి. కానీ రాజేశానికి రెండు రోజులుగా దగ్గు ఉంది. తిప్పేటప్పుడు ఆయన ముఖం మన ముఖానికి జానెడు దూరంలోకి వస్తుంది. ఇంజెక్షన్లు, ఫారాలు నా పని, తిప్పడం నీ పని అని మల్లవ్వకు చెప్పి ఆఫీసు గదిలో కూర్చున్నాను. చార్టుల్లో టిక్కులు మాత్రం రెండు గంటలకొకటి చొప్పున నేనే పెట్టాను.

మున్సిపల్ ఆరోగ్య కార్యాలయానికి రోజూ ఒక ఫారం పంపాలి. ఎన్ని మంచాలు, ఎంతమంది సిబ్బంది అని. నేను ఏడుగురని రాశాను. తక్కువని తెలిస్తే హోం మూయించి మా వాళ్లను పెద్దాసుపత్రికి తరలిస్తారని పుకారు. అక్కడికి పోతే తిరిగి రారని భయపడ్డాను. ఆ తర్వాత కూడా చాలాకాలం ఈ కారణమే చెప్పుకున్నాను. ఇన్‌చార్జిగా నా పేరు పోతుందన్న భయం కూడా దాని వెనక ఉంది.

అలా రాస్తున్న నాలుగో రోజు ఆ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. మనుషులు చాలని హోంలకు నర్సింగ్ విద్యార్థులను పంపుతున్నారట. మీ దగ్గర ఏడుగురు ఉన్నారు కదా, అవసరం లేదుగా అని హిందీలో అడిగాడు అధికారి. ఉన్నది ఇద్దరమేనన్న ఒక్క మాట చాలు. రాసింది తప్పని ఎలా చెప్పడమన్న భయంతో, అవసరం లేదన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మల్లవ్వ ఆఫీసు గది గుమ్మంలోకి వచ్చి, లోపలికి రాకుండా నిలబడింది.

"సార్, జర వచ్చి కాక నడుము సూడుండ్రి."

వెళ్లాను. నడుము కింద, ఎముక దగ్గర, చర్మం నల్లబడి ఊడుతోంది. చుట్టూ తాకితే వేడి. వాసన మాస్కులోంచే తెలిసింది. నా చెయ్యి అలవాటుగా చార్టు మీదికి పోయింది. అన్ని గళ్లలోనూ టిక్కులున్నాయి.

"గా కాయితంల దిరిగిండు సార్, మంచం మీద తిరగలే," అంది మల్లవ్వ. "నేనొక్కదాన్నే గుంజిన. నాతోని గాలే."

రాజేశం గోడవైపు తిరిగే ఉన్నాడు. "దాన్ని ఏమనకుండ్రి సార్. బీముకు రెండో మనిషి రాలే," అన్నాడు.

ఆ సాయంత్రమే కార్యాలయానికి ఫోన్ చేసి, ఐదు రోజులుగా తప్పు రాశానని చెప్పాను. అధికారి తిట్టాడు. హోం మూయించలేదు. మరునాడే ఇద్దరు విద్యార్థినులను పంపాడు. అన్ని రోజులూ నేను భయపడింది జరగనే లేదు. సూరత్ దగ్గరి పల్సానాలో ఉన్న రాజేశం కొడుక్కి కూడా ఫోన్లో నిజం చెప్పాను.

రాజేశానికి వచ్చింది మామూలు దగ్గే, కరోనా కాదని పరీక్షలో తేలింది. పుండు మాత్రం ఎముక దాకా పోయింది. రోజూ కట్టు కట్టింది నేనే. ఎవరు చెయ్యి వేసినా ముందుగా ఆయన, "ఇద్దరున్నరా?" అని అడిగేవాడు. ఉన్నామని చెప్పాక గానీ కళ్లు మూసుకునేవాడు కాదు. పుండులోని చీము రక్తంలోకి పాకి, వానలు మొదలైన వారంలో చనిపోయాడు. మరణ పత్రంలో పక్షవాతమనీ వయసు అనీ రాశారు. పుండు మాట లేదు. అది రాయించాల్సిన మనిషిని నేను. అక్కడా నోరు తెరవలేదు.

తర్వాత రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ రెండేళ్లూ సిబ్బందిని తలలుగా లెక్కించడం మానేసి జతలుగా లెక్కించాను. ముగ్గురు వస్తే జత ఒక్కటే. ఒక్కరే మిగిలితే, తిప్పాల్సిన మంచాలకు మనుషులు లేనట్టే. జతలు చాలని రోజు చార్టులో గడి ఖాళీగా వదిలి, కింద కారణం రాసి, మనుషుల కోసం ఫోన్ చేసేవాణ్ణి. ఖాళీ గడి కనిపిస్తే ఎవరో ఒకరు వస్తారు. నేను టిక్కు పెట్టిన చోటికి ఎవరూ రాలేదు.