కిరాయి కాయితంల రాయించిన మాట

ఇల్లు కిరాయికి అడగవోతే అందరు నీళ్లు ఎట్ల అస్తయి, మీటరు వేరేనా అని అడుగుతరు. నేను ముందుగాల అడిగేది ఒక్కటే. మా ఇంట్ల ఎవరన్న సచ్చిపోతే పీనుగను లోపటికి రానిస్తరా? గిదేం మాటనే అని మొకం మీద తలుపేసినోళ్లు ఉన్నరు. ఏసుకోని. నా సిగ్గు సిరిసిల్లల్నే పోయింది.

సిరిసిల్లల మా మామ ముప్పై ఏండ్లు బట్టలు నేసే సాంచెలు నడిపిండు. దవాఖానల పానం పోతే ఇంటికి తీసుకచ్చినం. ఇంటాయన గేటుకు తాళమేసిండు. సావైన ఇంట్లకు మల్ల ఎవరు కిరాయికి రారని ఆయన భయం. పదకొండేండ్లు గా ఇంట్ల ఉన్న మనిషిని రోడ్డు మీద టెంటు కింద పండవెట్టినం. వాన వడ్డది. మా అత్త కొంగుతోని ఆయన మొకం తుడుసుకుంట కూసున్నది. "నన్ను మాత్రం గిట్ల పండవెట్టకు బిడ్డా" అన్నది నాతోని. సరే అన్న. గా మాట ఇచ్చినంక నాకు నిద్ర సక్కగ పట్టలే.

తర్వాత కోరుట్లకు అచ్చినం. నా పెనిమిటి రైసుమిల్లుల పనికి పోయేటోడు, నేను బీడీలు చేసేదాన్ని. అత్తకు దమ్ము మొదలైంది, ఊపిరాడక ఒకటే దగ్గు. రోగమున్న ముసలోళ్లంటే ఇల్లియ్యరని నేనొక తప్పు చేసిన. మేమిద్దరమే ఉంటమని చెప్పి, అత్తను చూడొచ్చిన చుట్టం లెక్క ఉంచిన. ఇంటామె వాకిట్లకు అస్తే సాలు, అత్త కొంగు నోట్ల కుక్కుకునేది. దగ్గు ఆపుకోని ఆపుకోని కండ్లల్ల నీళ్లు కారేటియి. ఆకు కత్తిరిచ్చుకుంట నేను సూసి సూడనట్టు ఉండేదాన్ని. ఒకనాడు నా మీద నాకే అసహ్యమైంది. కత్తెర పక్కకు వడేసిన.

"ఇగ దాసుడు లేదు, పోదాం పా" అన్న అత్తతోని.

"యాడికే?"

"అన్ని చెప్పినంక గుడ ఇల్లిచ్చేటోళ్ల కాడికి."

జగిత్యాలల అత్తను ఆటోల ఎక్కిచ్చుకొని గల్లీ గల్లీ తిరిగిన. తొమ్మిదిండ్లోళ్లు కాదన్నరు. పదో ఇంటామె ఒంటరి మనిషి, కుట్టుమిషిని మీద బతుకుతది. పైన తానుంటది, కింద రెండర్రలు కిరాయికిస్తది. నా మాట ఇని కుట్టే బట్ట పక్కకు వెట్టింది.

"నాకేం పట్టింపు లేదక్కా. గాని రేపు మీరు ఖాళీ చేసిపోతే గా అర్రలకు ఎవరస్తరు? గీ కిరాయి లేకుంటే నాకు ఎల్లది" అన్నది.

నిజమే గదా. సిరిసిల్ల ఇంటాయనను తిట్టినట్టు ఈమెను తిట్టబుద్ధి కాలే. "మేం పోతెనే గదా ఖాళీ అయ్యేది. సావైనంక గుడ రెండేండ్లు మేమే ఉంటం, అప్పటికి అందరు మరిసిపోతరు. కాయితం రాసుకుందాం" అన్న.

కాయితాలు రాసేటాయన కలం ఆపిండు. "గిసుంటియి అగ్రిమెంట్ల రాయరమ్మా."

"కిరాయికున్నోళ్లు సావరా? రాయి."

నవ్వుకుంట రాసిండు. కిరాయిదారులు పురుడైనా, చావైనా ఈ ఇంట్లోనే చేసుకోవచ్చును. చావు జరిగితే తర్వాత రెండేండ్లు ఖాళీ చేయరు. పురుడు ఇంటామె చెప్పి రాయించింది. కాయితమంత సావే ఉంటే మంచిగుండదన్నది.

ఇల్లు చేరిన నాడు అత్త గా లైను నాతోని రెండుసార్లు సదివిచ్చుకున్నది. కాయితాన్ని మలిసి తన సంచిల వెట్టుకున్నది. ఇంటామె మెట్లు దిగుతుంటే అలవాటుగ కొంగు నోటికాడికి తీస్కవోయి, మల్ల కిందికి ఇడిసి, మనసునిండ దగ్గింది. నాకు ఏడుపచ్చింది.

గిది జరిగి రెండేండ్లైంది. రాసిన రెండిట్ల పురుడే ముందుగాల అచ్చింది. పెండ్లయిన నా బిడ్డ కాన్పుకు అచ్చింది, ఇరవై ఒకటో దినం గీ అర్రలనే తొట్లె కట్టినం. తొట్లె గుడ్డ ఇంటామెనే కుట్టింది. అత్త తొట్లె ఊపుకుంట కూసుంటది. ఊపుకుంట గట్టిగ దగ్గుతది, పిల్ల ఉలిక్కివడి లేస్తది.

"జర మెల్లగ దగ్గరాదు?" అని నేనంటే సంచి తట్టి సూపిస్తది.

"ఎందుకు మెల్లగ? నాకు కాయితం ఉన్నది."